పసుపు కొట్టిన ఇల్లు

మా ఆయన పోయి ఇంకా సంవత్సరీకం కాలేదు. తన ఇంట్లో, తన మంచం మీద, వయసు నిండి పోయారు. పలకరించడానికి వచ్చినవాళ్ళు అదృష్టవంతుడు అన్నారు. ఇలాంటప్పుడు అందరూ అనే మాటే అది. కానీ అది నిజమని నాకు తెలుసు. ఆయన పాతికేళ్ళ వయసులో ఒక శనివారం ఉదయం కర్ర పట్టుకుని డొంకలోకి వెళ్ళవలసిన మనిషి. వెళ్ళకుండా ఆపినవాళ్ళు ఇప్పుడెవరూ బతికి లేరు. వాళ్ళకు చెప్పుకోవలసింది ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నేను నరసరావుపేటలో పుట్టి పెరిగాను. మా నాన్న బడిపంతులు. ఇంట్లో పుస్తకాలుండేవి, చదివేదాన్ని. గురజాల దగ్గర పల్లెకు కోడలిగా వచ్చేనాటికి రోకలి పట్టడం మాత్రం రాదు. అప్పటికి సాగర్ కాలువ తవ్వుతున్నారుగాని మా వైపుకు నీళ్ళు రాలేదు. జొన్న, కంది, ఆముదం, కాస్త మిరప. తినేది జొన్నన్నం. పొద్దున లేవగానే జొన్నలు దంచాలి.

ఆ ఇంట్లో పదునున్న వస్తువులు తక్కువ. ఒక కత్తిపీట, రెండు కొడవళ్ళు, ఒక గొడ్డలి. మిగిలిన పనంతా మొద్దు వస్తువులే చేసేవి. జొన్నలకు రోకలి, పచ్చడికి బండ, బట్టలకు ఉతికే కర్ర, కందికట్టె కొట్టడానికి బడితె, గుంజలు దిగ్గొట్టడానికి కొయ్యసుత్తి, నాపరాళ్ళు పగలగొట్టడానికి సమ్మెట. వాటిలో దేనికీ దాచిపెట్టే చోటంటూ లేదు. గోడకు ఆనించి ఉండేవి. పిల్లలు వాటి మధ్యే ఆడుకునేవాళ్ళు. కత్తిపీట దగ్గరికి పోతే మాత్రం కేకలేసేవాళ్ళు.

రోకలి పట్టడం నాకు మా అత్తగారు నేర్పారు. మొదటి వారం నా అరచేతులు బొబ్బలెక్కాయి. రోట్లో ఉన్నవాటికంటే బయట చిందిన గింజలే ఎక్కువ. చుట్టుపక్కల ఆడవాళ్ళు చూడటానికి వచ్చేవాళ్ళు. నన్ను ‘పేట పిల్ల’ అనేవాళ్ళు.

“దాన్ని కొట్టబాకే,” అన్నారు అత్తగారు. “ఎత్తటం వరకే నీ పని. దించేది నువ్వు కాదు, దాని బరువు. మధ్యలో ఆపాలని చూశావంటే భుజం పోద్ది.”

ఆ మాట నేను దంపుడు గురించి అనుకున్నాను. కొన్ని నెలల తర్వాత, ఇద్దరం ఎదురెదురుగా నిలబడి జొన్నలు దంచుతుండగా, మామగారు ఎలా పోయారో చెప్పారు.

మా ఆయనకు అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆడబిడ్డ చంకలో పిల్ల. పశువులు చేలో పడ్డాయని పక్క పొలం వాళ్ళతో మాటామాటా పెరిగింది. ఎవరో కర్రతో చెవి పైన ఒక్క దెబ్బ వేశారు. రక్తం రాలేదు. తలగుడ్డ కూడా చిరగలేదు. మామగారు తన కాళ్ళమీద తాను నడుచుకుంటూ ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిన్నారు. తల దిమ్ముగా ఉందని పడుకున్నారు. తెల్లారి లేవలేదు.

“రక్తం రాలేదని సంతోషపడ్డానే నేను,” అన్నారు అత్తగారు. రోకలి మాత్రం ఆపలేదు. “కత్తి పట్టినోడికి తెలుస్తది ఎంత దిగిందో. కర్ర పట్టినోడికి తెలవదు. కొట్టినోడు మంచోడే. పొద్దున్నే వచ్చి మన గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. ఏదో బెదిరిద్దామని ఎత్తానక్కా అన్నాడు.”

అంతే చెప్పారు. ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఊళ్ళో మగవాళ్ళ లెక్క వేరు. నరసరావుపేట కోర్టు చుట్టూ తిరిగి తిరిగి వాళ్ళు ఒక చట్టం నేర్చుకున్నారు. పదునున్న దానితో కొడితే పెద్ద సెక్షన్, కర్రతో కొడితే చిన్న సెక్షన్. వూండ్ సర్టిఫికెట్‌లో డాక్టరు కోత అని రాస్తే బెయిలు కష్టం, కమిలింది అని రాస్తే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ఇది వాళ్ళకు ప్లీడరు చెప్పాడో, ప్లీడరు గుమాస్తా చెప్పాడో తెలియదు. మొత్తానికి ఊరంతా నమ్మింది. అందుకని తగాదాకు పోయేటప్పుడు గొడ్డళ్ళు, కొడవళ్ళు ఇంట్లో పెట్టేసి కర్రలు పట్టుకుపోయేవాళ్ళు. అది తమ మంచితనం అన్నట్టు కూడా మాట్లాడేవాళ్ళు. ఆ కర్రలకు ఆముదం పట్టించి, ఎండబెట్టి, చివర ఇనప పొన్ను వేయించేవాళ్ళు. రోకలికి వేసే పొన్నే అది. వేసే కమ్మరి కూడా ఒకడే.

ఆ ఏడు తగాదా డొంక గురించి. పొలాలకు బళ్ళు వెళ్ళే దారి అది. చివర పొలం ఆసామి ఏటికేడు ఒక్కో సాలు లోపలికి దున్నుకుంటూ వచ్చాడని, బండి పట్టడం లేదని మావాళ్ళ వాదన. డొంకే తన పొలంలో ఉందని ఆయన వాదన. ఊరు రెండుగా చీలిపోయింది. ఒక వర్గంవాళ్ళు రెండో వర్గం ఇంట్లో మజ్జిగ కూడా పుచ్చుకోవడం మానేశారు. మా వైపు పెద్ద మా ఆయనకు స్వయానా పెదనాన్న. నేను పెదమామయ్య అని పిలిచేదాన్ని. శనివారం ఉదయం అందరూ కర్రలు తీసుకుని డొంకకు రావాలని, తిరగదున్నిన సాలు పూడ్చి బండి తోలించాలని ఆయన నిర్ణయించారు. ఇంటికో మగమనిషి. మా ఇంట్లో మగమనిషి అంటే మా ఆయన ఒక్కరే.

ఈ కబురు శుక్రవారం ఉదయం తెలిసింది. ఆయన చద్దన్నం తింటూ మామూలుగా చెప్పారు. చెప్పి పొలానికి వెళ్ళిపోయారు. అత్తగారు కంచం తీసి కడిగారు. తర్వాత అటక మీద నుంచి ఒక గోనెసంచి దించమన్నారు. దాంట్లో పసుపుకొమ్ములున్నాయి. ఆడబిడ్డ పెళ్ళికని దాచినవి.

ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. పెళ్ళికి ముందు పెళ్ళివారింట పసుపు కొడతారు. ముత్తయిదువలు తమ తమ రోకళ్ళు తెచ్చుకుంటారు. రోకలికి పసుపుదారంతో కొమ్ము, మామిడాకు కడతారు. అందరూ కలిసి రోట్లో పసుపు దంచుతారు. ఇది చాలాచోట్ల ఉన్నదే. మా ఊళ్ళో దానికి తోడు ఇంకో కట్టుబాటు ఉంది. పసుపు కొట్టిన ఇంటి మగవాళ్ళు తాళి పడేదాకా తగాదాకు పోకూడదు, కర్ర ఎత్తకూడదు. ఆ రోట్లో ఎవరి రోకలి పడిందో వాళ్ళ ఇంటికీ అదే కట్టుబాటు. మీరితే పెళ్ళికూతురి పసుపుకుంకాలకు చేటు అనేవాళ్ళు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నాకు తెలియదు. ఆడవాళ్ళే పెట్టి ఉంటారని నా అనుమానం.

చిక్కేమిటంటే పెళ్ళికొడుకు లేడు. వినుకొండ వైపు సంబంధం ఒకటి మాటల్లో ఉంది. పెదమామయ్య వెళ్ళి ఖాయం చేసుకు రావాలి. డొంక గొడవలో పడి ఆయన దాన్ని పక్కన పెట్టేశారు. ముహూర్తం లేకుండా పసుపు కొట్టి, ఆ సంబంధం కాస్తా తప్పిపోతే, పసుపు కొట్టి ఆగిపోయిన పిల్ల అని ఆడబిడ్డకు పేరు పడుతుంది. ఆ పేరు మాసేది కాదు. అత్తగారు ఆ పిల్లను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పారు. దానికి పదిహేడేళ్ళు. కాసేపు కొమ్ములు చేత్తో కదిపింది.

“ఎవడో వచ్చేదాకా కొమ్ములు పుచ్చిపోవాలా ఏంది? కొట్టండి వదినా,” అంది.

రెండో చిక్కు, అత్తగారు విధవరాలు. పసుపు ముట్టకూడదు, పిలుపులకు వెళ్ళకూడదు. రెండూ నేనే చెయ్యాలి. “మనోళ్ళ ఇళ్ళకి పోయేది తరవాత,” అన్నారు. “ముందు డొంక ఇంటికి పో. మీ చిన్నత్తని పిలువు.”

చిన్నత్త అంటే డొంక దున్నిన ఆసామి భార్య. గొడవ రాకముందు మాకు వరస అది. నోటి దురుసు మనిషి. నేను కుంకుమ భరిణె పట్టుకుని వెళ్ళేసరికి వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. వెనక గోడకు వరసగా కర్రలు ఆనించి ఉన్నాయి. కొత్తగా ఆముదం పట్టించినవి, ఎండకు మెరుస్తున్నాయి.

“ఏమే పేట పిల్లా, దారి తప్పావా?” అంది.

“పసుపు కొడుతున్నాం చిన్నత్తా. రోకలి తీసుకుని మిమ్మల్ని రమ్మంది మా అత్త.”

“ఎవరి పెళ్ళి?”

“మా ఆడబిడ్డది.”

“పెళ్ళికొడుకు ఏ ఊరోడు?”

నాకు అబద్ధం నోట రాలేదు. “ఇంకా ఖాయం కాలేదు,” అన్నాను.

ఆమె మిరపకాయలు వదిలేసి నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను చూసింది. “మొగుడు రాకముందే పసుపంట! మీ అత్తకి మతిగానీ పోయిందా? ముహూర్తం ఎవరు పెట్టారు?”

“శుక్రవారం గదా అంది మా అత్త.”

“శుక్రవారం,” అంది. “అవునే. రేపు శనివారం.”

ఒకసారి తల తిప్పి గోడ వైపు చూసింది. ఆ కర్రల్లో ఆమె ఇద్దరు కొడుకులవి, మొగుడిది ఉన్నాయి. నేను భరిణె పట్టుకుని అలాగే నిలబడ్డాను. పొమ్మంటే ఏం చెయ్యాలో అత్తగారు నాకు చెప్పలేదు.

“బొట్టు పెట్టు,” అంది చివరికి. నుదురు ముందుకు వంచింది. పెట్టాను. లోపలికి తిరిగి కోడలికి కేకేసింది. “ఏమే, రోకళ్ళు రెండూ తియ్యి. చిన్నది కూడా. ఆ పక్కింటోళ్ళని కూడా కేకెయ్యి, ఊరికే మిరపకాయల కాడ కూర్చుని ఏం జేస్తారు!”

ఆ తర్వాత నాకు పెద్దగా పని లేకపోయింది. చిన్నత్త వస్తోందని తెలిసిన ఇల్లల్లా ఎందుకు అని అడగకుండా బయలుదేరింది. మధ్యాహ్నానికి మా వాకిట్లో రోకళ్ళు ఆనించడానికి గోడ చాలలేదు. ఒక రోలు చాలదని పక్కింటి రోలు కూడా దొర్లించుకొచ్చారు. నెలల తరబడి మాటల్లేని ఆడవాళ్ళు ఒక రోటి చుట్టూ నిలబడితే మొదట ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. దంపుడు మొదలయ్యాక అది తీరిపోయింది. ఒక రోట్లో ముగ్గురు దంచాలంటే ఒకరి లయ ఒకరు వినాలి. వినకపోతే రోకళ్ళు ఢీకొంటాయి.

మొదటి పోటు నేను వేశాను. అత్తగారు దొడ్లో గోడ అవతల కూర్చున్నారు. పసుపు దుమ్ము తన మీద పడకూడదని. పనేమీ లేక కందులు చెరుగుతున్నారు. గోడ అవతలి నుంచే మాట వినిపించేది.

“నిదానమే! అది పసుపు, జొన్నలు కాదు!”

“నువ్వు కనపడకుండా బానే అజమాయిషీ చేస్తన్నావ్ అక్కా!” అని చిన్నత్త ఇవతలి నుంచి అరిచింది. అందరూ నవ్వారు. ఎందుకు చేరామో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఒక్కరూ డొంక పేరెత్తలేదు. అందరూ రాని పెళ్ళికొడుకు గురించే మాట్లాడారు. నల్లగా ఉంటాడని ఒకరు, పొట్టిగా ఉంటాడని ఒకరు. ఆడబిడ్డ సిగ్గుపడటం మానేసి ఎదురు చెప్పడం మొదలుపెట్టింది.

పొద్దు వాలేవేళ మా ఆయన వచ్చారు. చేతిలో పెదనాన్న ఇచ్చిన కొత్త కర్ర ఉంది. గడప దగ్గరే ఆగిపోయారు. వాకిలంతా పసుపు. రోటి దగ్గర చెమటలు కక్కుతూ డొంక ఆసామి భార్య.

“ఏందిరా అబ్బాయా, అట్టా నిలబడ్డావ్?” అంది ఆమె, రోకలి ఆపకుండానే. “రేపు మీ బాబాయ్ నెత్తిన వేసే కర్ర అదేనా? బాగుందిరా. నిటారుగా ఉంది. పందిరికి గుంజ చేసుకోండి.”

ఆడవాళ్ళంతా నవ్వారు. ఆయన ముఖం ఎర్రబడింది. కర్రను ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అలాగే పట్టుకున్నారు. తర్వాత దాన్ని రోకళ్ళ పక్కన గోడకు ఆనించి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళారు.

పెదమామయ్య రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. అప్పటికి ఆడవాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. ఆయన అరుగు మీద కూర్చుని, ఇంట్లోకి వినబడేలా అడిగారు. “ఎవరిని అడిగి కొట్టారు పసుపు?”

అత్తగారు బావగారి ఎదుట పడేవారు కాదు. తలుపు వెనక నిలబడి జవాబిచ్చారు. “ఆడపిల్ల పెళ్ళికి ఎవరిని అడగాల బావగారూ?”

“పెళ్ళికొడుకేడమ్మా?”

“మీరే తేవాల. తండ్రి లేని పిల్ల. మీరు తప్ప పెద్దదిక్కు ఎవరున్నారు? మీ ఇంటి పిల్లకి పసుపు కొట్టి పెళ్ళి ఆగిందంటే అనేది నన్ను కాదు, మిమ్మల్నే.”

నేను ఆయనకు మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను. చెంబు తీసుకుని, నా చేతుల పసుపు చూసి, “నువ్వు కూడానా పేట పిల్లా! చదువుకున్నదానివి గదా,” అన్నారు. కోపంగా అనలేదు, అలసటగా అన్నారు. నీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

మర్నాడు ఉదయం మొదటి బస్సుకు ఆయన వినుకొండ దారి పట్టారు. పెద్ద లేకుండా, సగం ఇళ్ళు పసుపు కట్టుబాటులో ఉండగా, డొంకకు వెళ్ళినవాళ్ళు అటో గుప్పెడు మంది, ఇటో గుప్పెడు మంది. పొలం గట్టు మీద నిలబడి ఒకళ్ళ తల్లుల్ని ఒకళ్ళు తిట్టుకున్నారట. ఎండ ఎక్కాక ఇళ్ళకు వచ్చేశారు. కొన్నాళ్ళకు సర్వేయరు వచ్చి గొలుసు పట్టి డొంక కొలిచాడు. రెండు వైపులా కొంత కొంత తప్పుందని తేలింది.

సంబంధం కుదిరింది. ఎండలు ముదరకముందే పెళ్ళయింది. పెళ్ళికొడుకు నల్లగానే ఉన్నాడు. ఆ పందిట్లో రెండు వర్గాలూ భోంచేశాయి. ఎవరి పంక్తి వాళ్ళదే, ఎవరి ముఖం వాళ్ళు తిప్పుకునే. అయినా ఒకే పందిరి.

దీంతో మా ఊరు బాగుపడిందని రాయలేను. ఆ తర్వాత కూడా కర్రలు లేచాయి. తలలు పగిలాయి. కొన్ని ఇళ్ళల్లో మనుషులు తక్కువయ్యారు. చిన్నత్త చిన్నకొడుకు కొన్నేళ్ళకు ఇంకో తగాదాలో దెబ్బ తిని మాట పోగొట్టుకున్నాడు. పసుపు ప్రతిసారీ కొట్టలేరు. ఆ ఒక్కసారి కుదిరింది, నా విషయంలో కుదిరింది. నేను కృతజ్ఞురాలిని కావడానికి నాకది చాలు. ఎవరి కొడుకో ఒకడు దెబ్బ తినకుండా పోవడానికి మా ఆడబిడ్డ తన పేరు పణంగా పెట్టింది. చిన్నత్త తన నోటి దురుసుతోనే ఆ రోజు నవ్వించి పని నడిపించింది. అత్తగారికి నేను ఎన్నేళ్ళు సేవ చేసినా అది అప్పు తీర్చినట్టు కాదు. ఆవిడ పోయేముందు ఒకసారి ఆ మాట అంటే, “నా కొడుకుని నేను కాపాడుకున్నా. మధ్యలో నీకేందే?” అన్నారు.

మా ఆయన మాత్రం ఆ శనివారం నుంచి చాలా రోజులు తల్లితో సరిగా మాట్లాడలేదు. ఊళ్ళో జతగాళ్ళు పసుపు పెళ్ళికొడుకా అని వెక్కిరించేవాళ్ళు. ఆయనకు అది తల కొట్టేసినట్టుండేది. నేను కూడా అందులో ఉన్నానని నా మీద కూడా కినుక. పిల్లలు పుట్టాక అదంతా మరుగున పడింది. మా మధ్య ఆ శుక్రవారం ప్రస్తావన ఎప్పుడూ రాలేదు. ఆయన ఇంకా మనసులో పెట్టుకున్నారేమోనని నాకు లోపల ఒక సందేహం ఉండేది. అడిగే ధైర్యం లేకపోయింది.

పోయే ముందు నెలలో, ఒక మధ్యాహ్నం, ఆయన మంచం మీద ఉన్నారు. నేను పక్కన కూర్చుని ఏదో చదువుతున్నాను. ఉన్నట్టుండి అన్నారు.

“ఆ రోజు మీరు పసుపు కొట్టకపోతే పోయేవాణ్ణే.”

నేను పుస్తకం మూశాను. “తెలుసు,” అన్నాను.

“పోవాలని లేదు నాకు. ముందురోజు రాత్రంతా అదే అనుకున్నా, ఎవరన్నా అడ్డం పడితే బాగుండని. పెదనాన్న కర్ర చేతిలో పెడితే వద్దనలేకపోయా.” ఊపిరి తీసుకున్నారు. “వాకిట్లో పిన్నిని చూడంగానే నాకు ఎంత హాయిగా అనిపించిందో. కోపం వచ్చినట్టు లోపలికి పోయాగానీ.”

“మరి అన్నాళ్ళు అమ్మతో మాట్లాడలేదేం?”

“మొహం చెల్లక,” అన్నారు. “నా కోసమే అంతమంది ఆడోళ్ళు ఎండలో దంచారు. నేనేమో గడప కాడ కర్ర పట్టుకుని నిలబడ్డా.”

తర్వాత కళ్ళు మూసుకున్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అంతమంది ఆడవాళ్ళు పిలుపు అందగానే ఎందుకు లేచి వచ్చారో అప్పటిదాకా ఆడవాళ్ళ వైపు నుంచే అనుకున్నాను. ఆ ఇళ్ళల్లో మగవాళ్ళు కూడా, చాలామంది, ఆయనలాగే, రోకలి తీసుకుని పోతున్న భార్యను చూసి ఎందుకని అడగకుండా ఊరుకుని ఉంటారు.